వైజాగ్ హత్య, ఓహాయో పాఠకురాలు

తమ్ముడూ,

నీ ఇంగ్లిష్ నవల పూర్తయిందనీ, ఈబుక్‌గా అమెరికా, బ్రిటన్ పాఠకులకు అమ్మాలనుకుంటున్నాననీ రాశావు. ఫిషింగ్ హార్బర్‌లో శవం, దాని వెంట పడ్డ సీఐ. కథలో బలం ఉంది. అయితే ఓహాయోలో రాత్రి పడుకోబోయే ముందు ఫోన్‌లో నవల వెతుక్కునే ఆవిడకి నువ్వెవరో తెలీదు. నీ పుస్తకం ఆవిడ కంట్లో ఏ వరసలో పడుతుందో అదే వరసలో చెబుతాను.

మొదట అట్ట. అమెజాన్ కేడీపీ (రచయితలే సొంతంగా పుస్తకాలు ప్రచురించుకునే వేదిక) సూచించే కొలత 2,560 పిక్సెళ్ల ఎత్తు, 1,600 వెడల్పు. కానీ ఆవిడ చూసేది తపాలా బిళ్లంత బొమ్మ. అట్ట గీయించాక ఫోన్‌లో ఆ సైజుకి కుదించి చూడు. పుస్తకం పేరు చదవలేకపోతే గీసినవాళ్లకి తిప్పి పంపు. మనవాళ్లకి కత్తి, శవం, సముద్రం, పోలీసు టోపీ అన్నీ అట్ట మీదే ఉండాలి. నీ అట్టకి మాత్రం ఒక్క పడవ చాలు.

ఆ తర్వాత పుస్తకం ఏ అరలో ఉంటుందో తేల్చుకోవాలి. కేడీపీ మూడు కేటగిరీలు ఇస్తుంది, కీవర్డ్‌లకి ఏడు గళ్లు ఇస్తుంది. నీది పోలీస్ ప్రొసీజరల్, అంటే దర్యాప్తు అడుగడుగునా చూపించే నవల. పోటీ తక్కువని దాన్ని కోజీ మిస్టరీలో పెట్టకు. కోజీ చదివేవాళ్లకి చిన్న ఊరు, పోలీసు కాని పరిశోధకురాలు, రక్తం కనపడని హత్య కావాలి. నీ మార్చురీ అధ్యాయం చదివిన ఆ పాఠకురాలు ఒక్క స్టార్ ఇస్తే తప్పు ఆవిడది కాదు. కీవర్డ్ గళ్లలో పాఠకులు వెతికే మాటలే రాయి: ఇండియన్ డిటెక్టివ్, పోర్ట్ సిటీ మర్డర్ లాంటివి. పేరున్న రచయితల పేర్లు అక్కడ రాయడం నిబంధనలకు విరుద్ధం.

ఇక శాంపిల్. నువ్వు ఎక్కువగా కష్టపడాల్సింది ఇక్కడే. అమెజాన్ ఈబుక్‌లు చదివే కిండిల్‌లో పుస్తకం మొదటి పది శాతం దాకా ఉచితంగా చదవొచ్చు. నీ 80,000 మాటల నవలలో అది 8,000 మాటలు. మన పుస్తకాల అలవాటు ప్రకారం రెండు ముందుమాటలు, ఒక ఆశీస్సు, నాలుగు పేజీల కృతజ్ఞతలు మొదట పెట్టావంటే శవం కనపడకుండానే శాంపిల్‌లో పెద్ద ముక్క ఖర్చయిపోతుంది. అవన్నీ చివరికి పంపు. ముందు పేరు, కాపీరైట్ పేజీ, విషయసూచిక, వెంటనే మొదటి అధ్యాయం. శాంపిల్ అయిపోయే చోట ఏదో ఒక ప్రశ్న తెరిచి ఉండాలి.

ఈ పది శాతంలోనే మన ఇంగ్లిష్ మనల్ని ముంచుతుంది. పాత్ర ‘కాలేజీ నుంచి పాస్డ్ అవుట్’ అని రాస్తే అమెరికా పాఠకురాలు అతను స్పృహ తప్పాడనుకుంటుంది. నేరకథలో దీనికన్నా ప్రమాదకరమైనవి అంతస్తులూ తేదీలూ. మన గ్రౌండ్ ఫ్లోర్ అమెరికావాళ్లకి ఫస్ట్ ఫ్లోర్. 7/8 అని రాస్తే మనకి ఆగస్టు 7, వాళ్లకి జులై 8. నీ కథలో హంతకుడి అలిబై (హత్య వేళ తాను వేరే చోట ఉన్నానన్న వాదన) మొత్తం ఒక రసీదు మీది తేదీ మీదే నిలబడి ఉంది కదా, నెల పేరు అక్షరాల్లో రాయి. సంభాషణల్లో మన ఇంగ్లిష్‌ని మాత్రం ఉంచు. ఆ ఊరి గొంతు అదే.

పేర్లు కూడా చూసుకో. రమణ, రాఘవ, రామారావు, రాజు నలుగురూ ఒకే అధ్యాయంలో వస్తే తెలుగు తెలియనివాళ్లు మూడో పేజీలోనే ఎవరెవరో మర్చిపోతారు. ముఖ్యమైన ఒక్కొక్కరికీ ఒక్కో అక్షరంతో మొదలయ్యే పేరు పెట్టు. ‘బావ’ అన్న పిలుపును అలాగే వాడు, చుట్టరికం సన్నివేశంలో తెలిసిపోవాలి. దానికి గ్లాసరీ (చివర్లో అర్థాల పట్టిక) పెట్టకు, నేరకథ చదివేవాళ్లు వెనక్కి తిప్పి చూడరు. తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయి. తెలుగు లిపి కొన్ని పరికరాల్లో ఖాళీ గళ్లుగా కనపడొచ్చు.

వాళ్ల రచయితల దగ్గర లేనిది, నీ దగ్గర ఉన్నది మన దర్యాప్తు పద్ధతి. నువ్వు దాన్ని సిగ్గుపడుతున్నట్టు రెండు వాక్యాల్లో దాటేశావు. పాశ్చాత్య నేరకథలు చాలావాటిలో నిందితుడు ఒప్పుకుంటే కథ ముగిసినట్టే. ఇక్కడ పోలీసులకు ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో రుజువుగా చెల్లదు. దాని వల్ల కత్తో, నగో బయటపడితే ఆ మేరకే పనికొస్తుంది. అంటే నీ సీఐకి అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ప్రయాణ సమయం మినహాయించి. జ్యూరీ లేదు. పంచనామా మీద సంతకం పెట్టిన పంచ్, అంటే సాక్షి, రేపు కోర్టులో అడ్డం తిరగొచ్చు. వీటిలో ప్రతిదీ ఒక అధ్యాయానికి సరిపడా ఉత్కంఠ. నీ కథాకాలం 2025 కాబట్టి హత్యకు సెక్షన్ 302 రాయకు. 2024 జులై 1 నుంచి జరిగిన హత్యలకు భారతీయ న్యాయ సంహిత 103 వర్తిస్తుంది. పోస్టుమార్టం వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో జరిగితే పాఠకురాలికి ఆ కారిడార్ కనపడాలి.

ధర దగ్గర 99 సెంట్లకి ఆశపడకు. 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య పెడితే 70 శాతం రాయల్టీ ఎంచుకోవచ్చు, అంతకు తగ్గితే 35 శాతమే. 70 శాతంలో అమెరికా అమ్మకానికి ప్రతి ఎంబీకి 15 సెంట్లు డెలివరీ ఖర్చు ముందే తీసేస్తారు. అర ఎంబీ ఫైలును 2.99కి అమ్మితే చేతికొచ్చేది దాదాపు 2.04 డాలర్లు. అధ్యాయానికో బొమ్మ పెట్టి ఫైలును 5 ఎంబీ చేస్తే అది 1.57కి పడిపోతుంది. 99 సెంట్ల పుస్తకానికి 35 సెంట్లు మిగులుతాయి. మొదటి నవలకి 2.99 పెట్టు.

ఖాతా తెరిచేటప్పుడు వచ్చే పన్ను ఇంటర్వ్యూని (పన్ను వివరాల ప్రశ్నావళిని) దాటవేయకు. అక్కడ పాన్ నంబరు ఇచ్చి భారత్-అమెరికా ఒప్పందం కింద రాయితీ కోరితే అమెరికా రాయల్టీలో 15 శాతం పట్టుకుంటారు, లేకపోతే 30 శాతం. కేడీపీలో, పాన్‌లో, బ్యాంకులో నీ పేరు ఒకే స్పెల్లింగులో ఉండాలి. అక్కడ కట్టిన పన్నుకి ఇక్కడ రిటర్నులో క్రెడిట్ ఉంటుంది, ఆడిటర్‌ని అడుగు. డబ్బు రావడానికి అమ్మిన నెల ముగిశాక సుమారు రెండు నెలలు పడుతుంది.

కేడీపీ సెలెక్ట్‌లో చేరితే చందాదారులు చదువుకునే కిండిల్ అన్‌లిమిటెడ్‌లో చదివిన పేజీల లెక్కన కూడా డబ్బొస్తుంది. బదులుగా 90 రోజులు ఆ ఈబుక్ మరెక్కడా ఉండకూడదు, నీ సొంత వెబ్‌సైట్‌లో కూడా. గడువు తీరగానే దానంతటదే మళ్లీ మొదలవుతుంది, వద్దనుకుంటే టిక్ తీసెయ్యి. కొత్తవాడివి కనుక మొదటి 90 రోజులు చేరమనే అంటాను. ఆ తర్వాత కోబో, ఆపిల్ బుక్స్ లాంటి వేరే ఈబుక్ దుకాణాల సంగతి చూద్దాం.

ఇది మాత్రం కచ్చితంగా పాటించు. పుస్తకం వచ్చిన రోజు కుటుంబ వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టి, అందరూ ఐదు స్టార్లు ఇవ్వండని అడగకు. చుట్టాల, స్నేహితుల రివ్యూలను అమెజాన్ ఒప్పుకోదు, తీసేస్తుంది. డబ్బిచ్చి రాయిస్తే ఖాతాకే ముప్పు. నేరకథలు చదివే అలవాటున్న అపరిచితులకు ముందే ఉచిత ప్రతి పంపు, బాగుందని రాయమని షరతు పెట్టకు.

చివరి పేజీలో, కథ ముగిసిన మరుక్షణం, అదే సీఐ రెండో కేసుకి లింకు ఉండాలి. అందుకే రెండో నవల సగమైనా రాశాకే మొదటిది విడుదల చెయ్యి. ప్రీ-ఆర్డర్ (విడుదలకు ముందే కొనుక్కునే వీలు) పెడితే తుది ఫైలు విడుదలకు 72 గంటల ముందే చేరాలి. తప్పితే ఏడాది పాటు ప్రీ-ఆర్డర్ సౌకర్యం పోతుంది.

అప్‌లోడ్ చేయకముందు ఆ మొదటి 8,000 మాటలు నాకు పంపు. చదవడం ఆపెయ్యాలనిపించిన వాక్యం కింద గీత గీసి తిప్పి పంపుతాను.

మీ అన్నయ్య