ఫౌండేషన్‌కి ఐఆర్ఏ, పిల్లలకు షేర్లు

ప్రశ్న: మేం క్లీవ్‌లాండ్ శివారులో 31 ఏళ్ళుగా ఉంటున్నాం. నాకు 66, మా వారికి 69. ఇద్దరం రిటైరయ్యాం, ఇద్దరం అమెరికా పౌరులమే. సొంత ఇల్లు ఉంది. ట్రెడిషనల్ ఐఆర్ఏలలో (రిటైర్మెంట్ పొదుపు ఖాతాల్లో) ఇద్దరికీ కలిపి 9 లక్షల డాలర్లు, విడిగా 5 లక్షల డాలర్ల షేర్లు ఉన్నాయి. అబ్బాయి, అమ్మాయి బాగానే స్థిరపడ్డారు. మా ఇద్దరి తర్వాత లక్షన్నర డాలర్లు ఇక్కడి కమ్యూనిటీ ఫౌండేషన్‌కి (ఊరి దాతల నిధులు చూసే సేవా సంస్థకి) వెళ్ళాలని, నర్సింగ్ చదివే తెలుగు అమ్మాయిలకు మా అత్తగారి పేరున స్కాలర్‌షిప్ ఇవ్వాలని మా కోరిక. తెనాలి దగ్గర మా ఊరి బడికి కూడా కొంత ఇవ్వాలని ఉంది. విల్లులో ఎలా రాయించాలి? దీనివల్ల ఎస్టేట్ టాక్స్ (చనిపోయినవాళ్ళ ఆస్తి మీద పడే పన్ను) కూడా మిగులుతుందని ఒక స్నేహితురాలు చెప్పింది. నిజమేనా?

జవాబు: ముందు స్నేహితురాలి మాట సంగతి చూద్దాం. మీకు ఎస్టేట్ టాక్స్ మిగలదు, ఎందుకంటే అసలు పడదు. 2026లో ఫెడరల్ మినహాయింపు మనిషికి కోటిన్నర డాలర్లు. ఒహాయో రాష్ట్రం తన ఎస్టేట్ టాక్స్‌ని 2013లోనే ఎత్తేసింది. కాబట్టి ఆ లెక్క పక్కన పెట్టేయండి. మీరు చూసుకోవాల్సింది ఇన్‌కమ్ టాక్స్. అది మీకు కాదు, మీ పిల్లలకు పడేది.

అందుకే నా సలహా మీకు కాస్త వింతగా అనిపించవచ్చు. ఈ లక్షన్నరని విల్లులో రాయకండి. ఐఆర్ఏ బెనిఫిషియరీ ఫారంలో, అంటే మీ తర్వాత ఆ ఖాతా ఎవరికి చెందాలో చెప్పే ఫారంలో రాయండి.

కారణం చెప్తాను. ట్రెడిషనల్ ఐఆర్ఏలో ఉన్న ప్రతి డాలరూ ఇంకా పన్ను కట్టని డాలరే. అది మీ అబ్బాయికి వెళ్తే, 2019లో వచ్చిన చట్టం ప్రకారం పదేళ్ళలోపు మొత్తం తీసేసుకోవాలి. తీసిన ప్రతిసారీ ఆ డబ్బు అతని జీతం మీద కలుస్తుంది. పిల్లలు బాగా స్థిరపడ్డారన్నారు కాబట్టి 32 శాతం శ్లాబులో ఉన్నారనుకుందాం. లక్షన్నరలో 48 వేలు ఫెడరల్ పన్నుకే పోయి చేతికి 1,02,000 వస్తుంది. అదే లక్షన్నర విలువ చేసే షేర్లు వెళ్తే కథ వేరు. మీరు వాటిని ఎప్పుడో 40 వేలకు కొన్నా సరే, మీరు పోయిన రోజు ధరే వాళ్ళకి కొన్న ధర అవుతుంది. మర్నాడు అమ్మినా దాదాపు పన్నుండదు.

ఫౌండేషన్‌కి మాత్రం రెండూ ఒకటే. అది చారిటీ కాబట్టి ఐఆర్ఏ సొమ్ము మీద ఒక్క సెంటు కూడా కట్టదు. పన్ను అంటుకుని ఉన్న డబ్బుని పన్ను కట్టక్కర్లేనివాళ్ళకి, పన్ను లేని ఆస్తిని పన్ను కట్టేవాళ్ళకి ఇస్తే చాలు. దానం ఒక్క డాలరు తగ్గదు, పిల్లలకు 48 వేలు ఎక్కువ మిగులుతుంది. మీకు రాత్ ఐఆర్ఏ ఏదైనా ఉంటే దాన్ని మాత్రం ఫౌండేషన్‌కి రాయకండి. దాని పన్ను మీరు ఎప్పుడో కట్టేశారు, అది పిల్లలకే ఉండనివ్వండి.

ఇంకో సౌకర్యం ఏమిటంటే, విల్లు మార్చాలంటే లాయరు, సాక్షులు, ఫీజు కావాలి. బెనిఫిషియరీ ఫారం మార్చడానికి ఖర్చేమీ ఉండదు. ఐఆర్ఏ ఉన్న కంపెనీ వెబ్‌సైటులో పావుగంటలో అయిపోతుంది.

దీన్ని ఎలా చేయాలంటే, పాత ఐఆర్ఏలో పిల్లల పేర్లతో పాటు ఫౌండేషన్ పేరు ఇరికించకండి. చారిటీ, మనుషులు ఒకే ఖాతాలో ఉంటే చారిటీ వాటాని గడువులోగా తేల్చేదాకా పిల్లల లెక్కలు కూడా చిక్కుపడతాయి. విడిగా ఇంకో ఐఆర్ఏ తెరిచి లక్షన్నర అందులోకి మార్చండి. నేరుగా ఖాతా నుంచి ఖాతాకి మారితే పన్ను పడదు. ఆ కొత్త ఖాతాకి మొదటి బెనిఫిషియరీగా మీ వారు (లేదా ఆయనదైతే మీరు), ఆ తర్వాతి బెనిఫిషియరీగా ఫౌండేషన్ నూటికి నూరు శాతం. ఫౌండేషన్ పేరు మనం పిలిచేది కాదు, రిజిస్టరైన పూర్తి పేరు కావాలి. పక్కన వాళ్ళ టాక్స్ ఐడీ నంబరు కూడా రాయాలి.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. దంపతుల్లో ఒకరు పోయాక రెండోవాళ్ళు ఆ ఐఆర్ఏని తమ పేరు మీదకి మార్చుకుంటారు. అప్పుడు అది కొత్త ఖాతా. పాత ఫారం చెల్లదు, కొత్త ఫారం నింపాలి. ఆ దుఃఖంలో అది ఎవరికి గుర్తుంటుంది? నేను చూసిన ఒక కుటుంబంలో ఇలాగే జరిగింది. ఆయన ఎంతో శ్రద్ధగా ఒక సేవా సంస్థ పేరు రాసిపెట్టారు. ఆయన తర్వాత ఆవిడ ఖాతా మార్చుకుని ఫారం ఖాళీగా వదిలేశారు. చివరికి ఆ సంస్థకి ఒక్క డాలరు రాలేదు. తప్పు ఎవరిదీ కాదు, ఎవరూ చెప్పలేదంతే. మీరు ఈ సంగతి ఒక కాగితం మీద రాసి విల్లుతో పాటు పెట్టండి.

విల్లు అక్కర్లేదని కాదు సుమా. ఇల్లు, మిగతావి పిల్లలకు వెళ్ళడానికి అది ఉండాల్సిందే. కానీ అందులోనూ ఫౌండేషన్‌కి లక్షన్నర అని రాస్తే రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. పిల్లలు పెట్టుకునే లాయరు ఆ చిక్కు విప్పేసరికి ఫీజు తడిసి మోపెడవుతుంది.

ఇక స్కాలర్‌షిప్. ఈ విషయంలో మీతో కొంచెం వాదిస్తాను.

మన ఊళ్ళలో పాతకాలంలో కాశీకి, రామేశ్వరానికి నడిచి వెళ్ళే బాటసారుల కోసం సత్రాలు కట్టించి, వాటికి మాన్యాలు రాసినవాళ్ళు ఎందరో ఉన్నారు. రైలు వచ్చాక బాటసారులు లేరు, మాన్యాలు మాత్రం మిగిలాయి. ఇక్కడా అదే జరిగింది. సెయింట్ లూయిస్ నగరానికి మేయరుగా చేసిన బ్రయాన్ ముల్లన్ఫీ 1851లో చనిపోయారు. పశ్చిమానికి వెళ్ళి స్థిరపడాలని తమ ఊరి మీదుగా వచ్చే పేద వలసదారుల కోసం తన ఆస్తిలో మూడో వంతు రాసి వెళ్ళారు. కొన్నేళ్ళకి అలా వెళ్ళేవాళ్ళ రాకే ఆగిపోయింది. డబ్బుంది, తీసుకునేవాళ్ళు లేరు.

ఇలాంటి చిక్కులకి విరుగుడుగా కమ్యూనిటీ ఫౌండేషన్ అనే ఆలోచన పుట్టింది మీ ఊళ్ళోనే. 1914లో క్లీవ్‌లాండ్ ట్రస్ట్ కంపెనీ అనే బ్యాంకు అధిపతి ఫ్రెడరిక్ గాఫ్ మొట్టమొదటి కమ్యూనిటీ ఫౌండేషన్ పెట్టారు. చనిపోయినవాళ్ళు రాసిన షరతు కాలం చెల్లిపోతే, దానికి దగ్గరగా ఉండే అవసరానికి ఆ డబ్బు మళ్ళించే అధికారం ఊరి కమిటీకి ఉండాలన్నది ఆయన ఉద్దేశం. ఇప్పటికీ ఈ ఫౌండేషన్ల ఒప్పందాల్లో ఆ షరతు ఉంటుంది. మీ ఒప్పందంలో అది కనబడితే భయపడకండి. మీ డబ్బుకి అదే రక్ష.

‘నర్సింగ్ చదివే తెలుగు అమ్మాయిలు’ అన్నది చాలా ఇరుకైన దారి. ఏటా అర్హులు దొరుకుతారా? ముప్పై ఏళ్ళ తర్వాత? పైగా ఒక జాతి వాళ్ళకే అని షరతు పెడితే న్యాయపరంగా కూడా ఇబ్బందే. ‘వలస వచ్చిన కుటుంబాల నుంచి వచ్చి, నర్సింగ్ లేదా ఆరోగ్య రంగంలో ఏదైనా చదివే విద్యార్థులు’ అని రాస్తే మీ కోరికా తీరుతుంది, దారీ విశాలమవుతుంది. విద్యార్థులను ఎంచేది ఫౌండేషన్ కమిటీ. అందులో మీ కుటుంబం పెత్తనం కుదరదు, మనవరాలికి ఇప్పించుకోవడం అంతకన్నా కుదరదు. ఏటా నిధిలో నాలుగైదు శాతం ఖర్చు పెట్టడం మామూలు పద్ధతి. అంటే లక్షన్నర మీద ఏడాదికి ఆరు నుంచి ఏడున్నర వేల డాలర్లు. దాన్ని ముగ్గురికి పంచే బదులు ఒక్కరికే ఇవ్వమని నేనంటాను, కానీ అది మీ ఇష్టం. పేరున్న నిధికి కనీసం ఎంత ఉండాలో, నిర్వహణ ఫీజు ఎంతో సంతకాలకు ముందే అడగండి.

డెబ్బై ఏళ్ళ ఆరు నెలలు దాటాక ఐఆర్ఏ నుంచి నేరుగా చారిటీకి పంపిస్తే అది మీ ఆదాయంలో కలవదు. ఏడాదికి లక్ష డాలర్లు దాటి కూడా పంపవచ్చు. మీ వారికి ఆ వయసు దగ్గర్లోనే ఉంది. స్కాలర్‌షిప్‌ని చిన్న మొత్తంతో ఇప్పుడే మొదలుపెట్టి, మొదటి విద్యార్థిని మీ కళ్ళతో చూడవచ్చు. కానీ ఆ సొమ్ము ‘డోనర్ అడ్వైజ్డ్’ ఫండ్‌కి (ఎవరికి ఇవ్వాలో దాతే సూచిస్తూ ఉండే నిధికి) వెళ్ళకూడదు. దానికి ఈ సౌకర్యం వర్తించదు.

తెనాలి బడి విషయం వేరే. మీరు అమెరికా పౌరులు కాబట్టి అక్కడి కమిటీకి మీరిచ్చేది భారత చట్టం దృష్టిలో విదేశీ విరాళం. రూపాయల్లో ఇచ్చినా అంతే. ఆ కమిటీకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకపోతే తీసుకోవడం నేరం. మీరు ప్రేమతో పంపింది వాళ్ళ మెడకి చుట్టుకుంటుంది. ఆ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందు కనుక్కోండి. లేకపోతే, మన రాష్ట్రాల్లో బడుల కోసం పనిచేస్తూ అమెరికాలో చారిటీగా నమోదైన సంస్థ ద్వారా ఇవ్వండి. దీన్ని విల్లు దాకా లాగకుండా బతికుండగానే చేయమంటాను. బడికి బల్లలు కావాలో మరుగుదొడ్లు కావాలో మీరు ఫోను చేసి కనుక్కోగలిగిన రోజులివి.

పిల్లలకు ఈ సంగతంతా ఇప్పుడే చెప్పండి. లెక్క చూపించి మరీ చెప్పండి. 48 వేలు తమకే మిగులుతోందని తెలిశాక ఎవరూ మూతి ముడుచుకోరు.

చివరిగా, నిధికి అత్తగారి పేరు పెట్టవచ్చు, ఇబ్బంది లేదు. కాకపోతే ఆ పేరుని ఇంగ్లీషులో ఎలా రాయాలో, ఇంటిపేరు ముందుండాలో వెనకుండాలో మీరిద్దరూ కూర్చుని ఇప్పుడే తేల్చుకోండి. ఫౌండేషన్ పత్రాల్లో ఒకలా, ఐఆర్ఏ ఫారంలో ఇంకోలా పడితే తర్వాత సర్దడానికి మీరుండరు.