పెట్టల వీపు బోసిపోతోందా? మందు కాదు, పుంజుల లెక్క చూడండి

ప్రశ్న: పదహారు నాటు పెట్టలు, అయిదు పుంజులు పెంచుతున్నాను. నెల రోజులుగా తొమ్మిది పెట్టలకు వీపు మీద, తల వెనక ఈకలు ఊడి చర్మం ఎర్రగా కనిపిస్తోంది. రెండింటికి రెక్క కింద చీరుకుపోయింది. గుడ్లు సగానికి పడిపోయాయి. చర్మవ్యాధి అని మందుల దుకాణంలో పొడి ఇస్తే అయిదు రోజులు నీళ్లలో కలిపి పెట్టాను, గుణం లేదు. పైగా ఒక ముసలి పెట్ట పుంజులా కూస్తోంది. అరిష్టం, కోసెయ్యమంటున్నారు. ఏం చెయ్యాలి?
– ఒక రైతు, గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా

జవాబు: ఇది చర్మవ్యాధి కాదు. నాటుకోళ్లలో ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు చాలు. మీ దగ్గర మూడు పెట్టలకు ఒకటి ఉంది. పుంజు పెట్టనెక్కేటప్పుడు ముక్కుతో తల వెనక ఈకలు పట్టుకుంటుంది, గోళ్లతో వీపు మీద నిలదొక్కుకుంటుంది, జారితే కాలి ముల్లు రెక్క కింద చీరుతుంది. మీరు రాసిన చోట్లు సరిగ్గా ఇవే. ఒకటి దిగేలోపు ఇంకోటి ఎక్కుతుంటే పెట్టలు భయపడి పగలంతా గూట్లోనో చూరు మీదో ఉండిపోతాయి, కడుపునిండా మేయవు. మేత లేకపోతే గుడ్డెక్కడిది? చలికాలంలో పగటి వెలుగు తగ్గడం వల్ల కొంత తగ్గుదల ఎలాగూ ఉంటుంది, కానీ సగానికి పడదు.

నమ్మకం కుదరకపోతే ఒక పెట్టను చేతిలోకి తీసుకుని వీపు చూడండి. ఈకలు సగానికి విరిగి మొదళ్లు పుల్లల్లా మిగిలి ఉంటే అది పుంజుల పనే. మొత్తం ఊడి, ఆ చోట తొడుగుతో కొత్త ఈక మొలకలు కనిపిస్తుంటే ఈక మార్చుకుంటోందని అర్థం, దానికి ఏమీ చెయ్యక్కర్లేదు. గుదము చుట్టూ ఈక మొదట్లో తెల్లగా గుడ్ల గుత్తులు అంటుకుని ఉంటే పేలు. రాత్రి టార్చి వేసి గూటి కర్రల సందులు కూడా చూడండి. ఎర్రగా పాకే చిన్న పురుగులుంటే గూడు ఖాళీ చేసి సందుల్లోకి దిగేలా సున్నం కొట్టాలి. ఎలా ఉన్నా పొయ్యి బూడిద, ఇసుక కలిపి ఒక మూల పోస్తే కోళ్లే పొర్లుతాయి.

ఇప్పుడు పుంజుల సంగతి. పదహారు పెట్టలకు రెండు చాలు. పెద్దదీ, రంగు బాగున్నదీ కాదు ఉంచాల్సింది. గుప్పెడు నూకలో చోళ్లో చల్లి పక్కన నిలబడి చూడండి. గింజ ముక్కుతో ఎత్తి, దించి, ‘కుక్‌ కుక్‌’మని పెట్టలను పిలిచి తాను తినకుండా నిలబడే పుంజు మంచిది. ఒక రెక్క నేలకు వాల్చి పెట్ట చుట్టూ తిరిగి, అది ఒదిగాకే ఎక్కుతుంది. పిలవకుండా వెంటబడి మెడ పట్టి ఈడ్చేదాన్ని ముందు తీసెయ్యండి. తెల్లారగట్ల ముందు కూసేది మందలో పెద్ద పుంజు, మిగతావి దాని తర్వాతే అందుకుంటాయి. ఆ పెద్దది నెమ్మదైనదైతే దాన్నే ఉంచితే గొడవ తక్కువ.

పుంజులు తగ్గితే గుడ్లు మురిగిపోతాయని భయం వద్దు. ఒకసారి కలిస్తే పెట్ట కడుపులో వీర్యం వారం పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పనిచేస్తుంది. అందుకే పుంజును మార్చాక మూడు వారాలు ఆగి పొదిగించడానికి గుడ్లు పోగెయ్యండి, లేకపోతే పాత పుంజు పిల్లలే దిగుతాయి.

ఉంచిన పుంజు కాలి ముల్లు మొనను ఆకురాయితో మొద్దుబార్చండి. అర సెంటీమీటరు మించొద్దు, లోపల రక్తం ఉంటుంది. చీరుకున్న రెండు పెట్టలను వేరే గంప కింద పెట్టి పుండును ఉప్పునీళ్లతో కడిగి, పొవిడోన్‌ అయోడిన్‌ రోజుకు రెండుసార్లు రాయండి. ఎర్రటి పుండు కనబడితే మిగతా కోళ్లు పొడిచి పెద్దది చేస్తాయి. మానాక చీకటి పడ్డాక తెచ్చి గూట్లో కర్ర మీద కూర్చోబెట్టండి, పగలు వదిలితే కొట్లాటే. ఊడిన ఈక ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వస్తుంది. విరిగింది మాత్రం మళ్లీ ఈక మార్చుకునేదాకా రాదు. అప్పుడు మందు పనిచెయ్యలేదనుకుని ఇంకో మందు కొనకండి.

ఆ పొడి గురించి. ఏ మందో, ఎంత మోతాదో మీరు రాయలేదు. బహుశా మీకూ చెప్పి ఉండరు. కోడిని చూడకుండా, చేత్తో తాకకుండా కౌంటరు మీదే జబ్బు తేల్చి పొడి కట్టే వారి మాట మీద ఇంకెన్నాళ్లు నడుస్తారు? ఆ డబ్బుతో చుట్టుపక్కల ఇళ్ల కోళ్లన్నిటికీ టీకా అయిపోయేది.

అసలు టీకా సంగతే మీ ఉత్తరంలో లేదు. అయిదు పుంజులు ఉంచారంటే సంక్రాంతికి అమ్మకానికేనని అనుకుంటున్నాను (పందేలకైతే చట్టం ఒప్పదు). సంతకు తీసుకెళ్లి, బేరం కుదరక వెనక్కి తెచ్చిన పుంజే చాలా ఇళ్లకు కొక్కెర తెగులు (కోళ్లకు వేగంగా అంటుకునే ప్రాణాంతక జబ్బు) తెస్తుంది. కాబట్టి తెచ్చిన కోడిని, కొత్తదైనా పాతదైనా, మూడు వారాలు దూరంగా వేరే గంప కింద ఉంచండి. దాని నీళ్ల చిప్ప కూడా వేరే.

ముందు నట్టల మందు పట్టండి: 2.5 శాతం ఆల్బెండజోల్‌ ద్రావణం, కిలో బరువుకు అర మిల్లీలీటరు, ఉదయం మేతకు ముందు. వారం తర్వాత కొక్కెర తెగులుకు వేసే ఆర్‌2బి టీకా, రెక్క దగ్గర చర్మం కిందికి అర మిల్లీలీటరు. ఎనిమిది వారాలు నిండని పిల్లలకు ఇది వెయ్యకూడదు. వాటికి అయిదు నుంచి ఏడు రోజుల వయసులో అదే తెగులుకు లసోటా టీకా కంట్లో ఒక చుక్క, 28వ రోజున మరోసారి. సీసాను ఐసు ముక్కల మధ్య ఫ్లాస్కులో తెచ్చి, కలిపిన రెండు గంటల్లో వాడెయ్యాలి. ఆర్‌2బి సీసా సాధారణంగా వంద కోళ్లకు వస్తుంది. మీవి ఇరవై ఒకటే కాబట్టి నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకునికి ముందురోజే చెప్పుకోండి. నలతగా ఉన్న కోడికి వద్దు. వేశాక కొన్ని రోజులు గుడ్లు తగ్గొచ్చు. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, సంతకు తీసుకెళ్లేది ఆ తర్వాతే. ఆరు నెలలకోసారి మళ్లీ వేయించండి.

కూసే పెట్ట అరిష్టం కాదు. కోడికి పనిచేసేది ఎడమవైపు అండాశయం ఒక్కటే. ముసలితనంలోనో జబ్బు వల్లనో అది చెడితే మగ హార్మోను పైచేయి అయి తురాయి పెరుగుతుంది, కూత వస్తుంది. ఇక గుడ్డు పెట్టదు, అంతకు మించి ఏమీ లేదు. కూరకు కోసుకుంటామంటే మీ ఇష్టం, కానీ ఇప్పుడే వద్దు. అది కూడా ఆ పొడి నీళ్లు తాగింది కదా. ప్యాకెట్‌ మీద ఎన్నాళ్లు ఆగాలో రాసి లేకపోతే మందు ఆపిన రోజు నుంచి మాంసానికి 28 రోజులు, మిగతా పెట్టల గుడ్లకు 7 రోజులు ఆగాలి.