ఆగస్టులోనే మేపుల్ చెట్టు ఎర్రబడితే ఫాల్ ముందొచ్చినట్టేనా?

ఇంటి ముందు మేపుల్ ఆగస్టు చివరికే ఒక పక్క ఎర్రబడింది, ఈ ఏడాది ఫాల్ (ఆకులు రాలే కాలం) తొందరగా వచ్చిందా అని అడిగారు. కాదండీ. ఫాల్ వస్తే వీధిలో మిగతా చెట్లూ మారాలి కదా. పైగా ఊళ్లో వేడికి, వీధి దీపాల వెలుతురుకి ఆరోగ్యంగా ఉన్న చెట్లు సాధారణంగా ఆలస్యంగానే రంగు మారతాయి. ఒక్కటే ముందు మారిందంటే దానికేదో కష్టం వచ్చినట్టు.

మేం న్యూజెర్సీలో ఉంటాం. మా డ్రైవ్‌వే పక్కనున్న రెడ్ మేపుల్ కూడా ఇలాగే చేసేది. మాను మొదలు చుట్టూ మల్చ్ (నేల మీద పరిచే చెక్కపొట్టు) కుప్పగా పోసి ఉండేది. దాన్ని చేత్తో పక్కకు లాగి చూస్తే, బొటనవేలంత లావు వేరొకటి మానును చుట్టి బెరడులోకి దిగబడిపోయి ఉంది. సరిగ్గా దాని పైనున్న కొమ్మలే ముందు ఎర్రబడేవి. ఆకులో తయారైన చక్కెర బెరడు లోపలి పొర గుండా వేళ్లకు దిగాలి. దారి నొక్కుకుపోతే అది ఆకుల్లోనే పేరుకుంటుంది, దానితో ఆంథోసయనిన్ అనే ఎర్ర రంగు తయారవుతుంది. పసుపు అలా కాదు, ఆ రంగు ఆకులో ముందునుంచే ఉంటుంది, పత్రహరితం పోయాక బయటపడుతుంది.

అలాంటి వేరు కనిపించకపోతే నేలను అనుమానించండి. రోడ్డుకీ సైడ్‌వాక్‌కీ మధ్య మట్టి గట్టిపడిపోయి వేళ్లకు గాలి, నీళ్లు అందవు. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు అక్కడికే చేరుతుంది. ఉప్పు నేలలో తడి ఉన్నా వేరు పీల్చుకోలేదు, ఆకుల అంచులు మాడినట్టవుతాయి.

ముందు మాను మొదలు చూడండి. నేల దగ్గర వెడల్పవ్వకుండా కరెంటు స్తంభంలా నిటారుగా దిగిందంటే లోతుగా పాతినట్టే. మల్చ్ రెండు మూడంగుళాలు చాలు, మానుకు తగలకూడదు. వానలు లేకపోతే వారానికోసారి నీళ్లు లోతుగా ఇంకేలా నెమ్మదిగా పెట్టండి. ఈ స్థితిలో ఎరువు మాత్రం వేయొద్దు. చుట్టుకున్న వేరును మీరే నరకకండి, మేం చెట్ల నిపుణుడైన అర్బరిస్టుతోనే కోయించాం. ఆ తర్వాతి ఏడాదీ ఆ కొమ్మలు ముందే ఎర్రబడ్డాయి, కోలుకోవడానికి టైమ్ పడుతుంది. రోడ్డు పక్క చెట్టు టౌన్‌షిప్‌దే (ఊరి స్థానిక ప్రభుత్వానిదే) అయ్యుండొచ్చు, ముందు వాళ్లనడగండి.

వచ్చే వసంతంలో ఆ పక్క చిగురు పల్చగా, ఆకులు చిన్నగా వస్తే అర్బరిస్టును వెంటనే పిలవండి. ఎండిన కొమ్మ రోడ్డు మీద పడితే ప్రమాదం.