బెర్లిన్‌లో చదివే అమ్మాయిని వడ్డీ డబ్బు అడగవచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా గజపతినగరం. మా అమ్మాయి గత అక్టోబరులో ఎమ్మెస్ చదవడానికి బెర్లిన్ వెళ్లింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం కనుక ఫీజు భారం లేదు గాని, వీసా కోసం బ్లాక్డ్ అకౌంటులో (నెలకు ఇంతని మాత్రమే తీసుకోగల ఖాతాలో) వేసిన 11,904 యూరోలకు బ్యాంకులో విద్యారుణం తీసుకున్నాం. అందులోంచి నెలకు 992 యూరోలు, అంటే దాదాపు లక్ష రూపాయలు, ఆమె చేతికి వస్తున్నాయి. ఒక్క మనిషికి అంత ఖర్చేముంటుంది, పార్ట్‌టైమ్ పని కూడా చేసుకోవచ్చు కదా, వడ్డీకి సరిపడా పంపమనండి అని బంధువులు అంటున్నారు. అడగవచ్చా? వాళ్లమ్మ నెయ్యి, ఎండుచేపలు, కరివేపాకు పంపాలనుకుంటోంది. పంపవచ్చా?
– ఒక తండ్రి

జవాబు: దయచేసి అడగకండి. లక్ష రూపాయలు గజపతినగరంలో పెద్ద మొత్తమే గాని, ఆ 992 యూరోలు ఒక విద్యార్థి నెల గడుపుకోవడానికి కావలసిన కనీస మొత్తంగా జర్మన్ ప్రభుత్వం లెక్కగట్టినవి. బెర్లిన్‌లో విద్యార్థి వసతి గృహాల అద్దె కొంత నయమే అయినా వాటి కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. బయట నలుగురు కలిసి ఉండే ఇంట్లో ఒక గదికే ఐదారు వందల యూరోలు అడుగుతారు. తప్పనిసరి అయిన ఆరోగ్య బీమాకు నెలకు 140 యూరోలు దాటుతుంది. మిగిలిన రెండు మూడు వందలలోనే తిండి, ఫోను, చలికోటు, ఆరు నెలలకొకసారి విశ్వవిద్యాలయానికి కట్టే సుమారు మూడు వందల యూరోల సెమిస్టరు రుసుము అన్నీ సర్దుకోవాలి. నగర రవాణా పాసు ఆ రుసుములోనే కలిసి ఉండడం ఒక ఊరట. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కనుక శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. వెళ్లేటప్పుడు వారమంతా పోగైన ఖాళీ ప్లాస్టిక్ సీసాలను సంచిలో వేసుకుని దుకాణంలోని యంత్రంలో పెడితే, కొన్నప్పుడు కట్టిన డిపాజిట్ సీసాకు 25 సెంట్ల చొప్పున ఒక చీటీగా తిరిగి వస్తుంది, దానిని బిల్లులో తగ్గించుకుంటారు. ఆ చిల్లర కూడా విద్యార్థులకు లెక్కలోకి వచ్చేదే.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. నివాస అనుమతి పొడిగించుకునేటప్పుడు రాబోయే కాలానికి సరిపడా డబ్బు ఉన్నట్లు ఆమె మళ్లీ చూపించాలి. ఇప్పుడు మీకు పంపినది అప్పుడు మీరే తిరిగి సమకూర్చవలసి వస్తుంది. పైగా ఇంటి నుంచి ఒత్తిడి ఉన్న పిల్లలు అద్దె మిగుల్చుకోవడానికి, చిరునామా నమోదుకు కావలసిన కాగితం ఇవ్వని ఇంటి యజమానుల దగ్గర చౌకగా చేరిపోతారు. అక్కడ ఇల్లు మారిన రెండు వారాలలో ఆ నమోదు చేయించుకోవడం చట్టం. అది లేకపోతే అనుమతి పొడిగింపు దాకా ప్రతి పనీ చిక్కులో పడుతుంది.

పార్ట్‌టైమ్ పని విషయానికి వస్తే, 2024 మార్చి నుంచి విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 అర్ధదినాలు పనిచేయవచ్చు. విశ్వవిద్యాలయంలోనే సహాయకురాలిగా దొరికే పని ఆ లెక్కలోకి రాదు, చదువుకూ అక్కరకొస్తుంది. ఆమె దాని కోసం ప్రయత్నిస్తే ప్రోత్సహించండి. మొదటి ఏడాదిలో మాత్రం తొందరపెట్టకండి. డిసెంబరులో బెర్లిన్‌లో సాయంత్రం నాలుగు గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు. ఆ చీకట్లో, ఆ చలిలో తరగతి నుంచి గోదాముకో హోటలు వంటగదికో వెళ్లి అర్ధరాత్రి గది చేరే పిల్లలు పరీక్షలు తప్పడం, ఆరు నెలల చదువు అదనంగా మీద పడడం జరుగుతుంది. అప్పుడు పెరిగే ఖర్చు ఇప్పటి వడ్డీ కంటే ఎక్కువ.

మీ రుణ పత్రాలు ఒకసారి చూడండి. బ్యాంకుల నమూనా విద్యారుణ పథకంలో చదువు కాలానికి మరో ఏడాది కలిపి వాయిదాల విరామం ఉంటుంది. మీ రుణానికి అది వర్తిస్తుందో లేదో, ఆ కాలంలో వడ్డీ కట్టితీరాలో లేదో మేనేజరును అడిగి తెలుసుకున్నాక బంధువులకు జవాబు చెప్పండి.

ఇక ఆమె తల్లిగారికి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం సొంత వాడకానికైనా తీసుకెళ్లనివ్వరు, పార్సిలులోనూ రానివ్వరు. కనుక నెయ్యి వద్దు. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. బదులుగా కరివేపాకు కారప్పొడి చేసి పంపవచ్చు. ఎండుచేపలకు 20 కిలోల వరకు అనుమతి ఉంది. వాసన బయటికి రాకుండా రెండు మూడు పొరలుగా గట్టిగా కట్టి, సంచి మీద లోపల ఏముందో స్పష్టంగా రాయండి.