1.2 పెట్రోలా, 1.0 టర్బోనా, 1.5 డీజిలా? ముందు ఇంటిల్లిపాదినీ బండెక్కించి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఖమ్మంలో ఉంటారు. మీరిద్దరూ, అమ్మానాన్నలూ, ఐదేళ్ల బాబూ. రోజూ ఆఫీసుకి రానూపోనూ 14 కిలోమీటర్లు, నెలకోసారి అందరూ కలిసి హైదరాబాదు, ఏడాదికి ఒకటి రెండుసార్లు తిరుపతి, శ్రీశైలం. బడ్జెట్ 12 లక్షలు. హ్యుందాయ్ వెన్యూ లాంటి నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీ కావాలి, 1.2 పెట్రోలు, 1.0 టర్బో, 1.5 డీజిల్ (ఆ అంకెలు ఇంజను సైజు, లీటర్లలో) మూడింట్లో ఏది తీసుకోవాలో తేలడం లేదు. పగలు మీ నాన్నగారు కూడా నడుపుతారని చివర్లో ఒక వాక్యం రాశారు. నా జవాబంతా నిజానికి ఆ వాక్యం మీదే ఆధారపడి ఉంది, కానీ అక్కడికి మెల్లగా వస్తాను.

మాది విజయవాడ. 2018 దసరాకి 1.2 పెట్రోలు బండి కొన్నాను, టర్బో (ఇంజను పొగతో తిరుగుతూ లోపలికి గాలిని కుక్కి పంపే పరికరం) లేనిది. కంపెనీ పేరెందుకు, ఈ సైజు ఇంజన్లన్నీ కాస్త అటూ ఇటూగా ఒకటే. ఊళ్లో దానికి వంక పెట్టలేను. క్లచ్ వెన్నలా ఉండేది, లీటరుకి 13 వచ్చేది, నెమ్మదిగా నడిపితే హైవే మీద 17. నాలుగేళ్లు హాయిగా తిరిగాం. నాలుగేళ్లలో ఘాట్ ఎక్కినప్పుడల్లా బండిలో ఇద్దరమో ముగ్గురమో ఉన్నామన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

2022 మే సెలవుల్లో వినుకొండ, దోర్నాల మీదుగా శ్రీశైలం బయల్దేరాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, అమ్మ, వెనక డిక్కీ నిండా సామాను. దోర్నాల దాటి అడవిలో ఘాట్ మొదలయ్యేదాకా ఏ ఇబ్బందీ లేదు. అక్కడ ముందొక ఆర్టీసీ బస్సు. మూడో గేరులో వెళ్తుంటే బండి నీరసపడిపోతోంది, కాలు పూర్తిగా నొక్కినా కదలిక లేదు. రెండో గేరు వేస్తే ఇంజను కేకలు. మలుపు దాటాక కాస్త తిన్నగా ఉన్న చోట బస్సుని దాటదామని పక్కకి తీశాను. సగం దాకా వెళ్లాక ఇక ముందుకి లాగదని తెలిసిపోయింది, మళ్లీ వెనక్కి తగ్గాను. అదీ ఎదురుగా ఎవరూ రాలేదు కాబట్టి. ఏసీ ఆపేశాను. వెనక నుంచి అమ్మ, "ఏవిట్రా, బండి అలా అరుస్తోంది, కాసేపు ఆపరాదూ" అంది. శిఖరం దగ్గర ఆపి, అందరం దిగి, బానెట్ ఎత్తి చూశాను. బండికి ఏ జబ్బూ లేదు. జబ్బు నా లెక్కలో ఉంది.

ఆ లెక్క ఇప్పుడు చెప్తాను, ఎందుకంటే షోరూంలో ఇది ఎవరూ చెప్పరు. వాళ్లు 83 పీఎస్, 120 పీఎస్, 116 పీఎస్ అని మూడు అంకెలు చూపిస్తారు (పీఎస్ అంటే ఇంజను పవరుకి కొలత, హార్స్‌పవర్ లాంటిది). వెన్యూలో 1.2 పెట్రోలుకీ, 1.0 టర్బోకీ, 1.5 డీజిల్‌కీ వరసగా అవే. చూస్తే టర్బో, డీజిల్ ఒకటేలా ఉంటాయి, 1.2 కూడా మరీ తీసికట్టేం కాదనిపిస్తుంది. కానీ 83 పీఎస్ వచ్చేది ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరిగినప్పుడు, అంటే 6,000 ఆర్‌పీఎం దగ్గర. ఇంట్లో వాళ్లని కూర్చోబెట్టుకుని 6,000కి ఎవరు తిప్పుతారు? మనం బతికేది 1,500కీ 2,500కీ మధ్య. అక్కడ ఎంత పవరుందో తెలియాలంటే చిన్న గుణకారం చాలు: ఆ ఆర్‌పీఎం దగ్గర టార్క్, అంటే ఇంజను తిప్పే బలం, ఎన్ని న్యూటన్ మీటర్లో చూసి, దాన్ని ఆర్‌పీఎంతో గుణించి 7,000తో భాగిస్తే పీఎస్ వస్తుంది.

2,000 ఆర్‌పీఎం దగ్గర వేసి చూడండి. 1.2 పెట్రోలు టార్క్ 114, అదీ 4,000 దగ్గర. పోనీ, అదంతా 2,000 దగ్గరే ఇస్తుందని దయతలిచినా వచ్చేది సుమారు 32 పీఎసే. 1.0 టర్బో 1,500 నుంచి 4,000 దాకా 172 ఇస్తుంది, అంటే 49. డీజిల్ 1,500 నుంచి 2,750 దాకా 250, అంటే 71. కాగితం మీద 120, 116గా కవల పిల్లల్లా ఉన్న రెండు ఇంజన్లకి ఘాట్‌లో ఇంత తేడా ఉంటుంది.

ఇక ఆ పవరు ఖర్చయ్యే వైపు. ఖాళీ బండి దాదాపు 1,100 కిలోలు. మీ ఐదుగురు 300, సామాను 60. అంటే బండి బరువులో మూడో వంతు అదనంగా ఎక్కించారన్నమాట. నూరు మీటర్లకి ఎనిమిది మీటర్లు ఎత్తు పెరిగే వాలులో దాన్ని గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఊరికే నిలబెట్టడానికే చక్రాల దగ్గర 20 పీఎస్ కావాలి. ఏసీ ఒక మూడు నాలుగు తినేస్తుంది, గేరుబాక్సులో కొంత పోతుంది. అరకు లాంటి చోట, అంటే 900 మీటర్ల ఎత్తులో, గాలి పలచన కాబట్టి టర్బో లేని ఇంజను ఎనిమిది తొమ్మిది శాతం నష్టపోతుంది. టర్బో గాలిని కుక్కి పంపిస్తుంది కనుక దానికి ఆ బాధ తక్కువ. ఇవన్నీ తీసేస్తే 32లో బస్సుని దాటడానికి మిగిలేది ఏమీ లేదు. ఆ రోజు నా మూడో గేరు ఎందుకు నీరుగారిపోయిందో ఇంటికొచ్చి కాగితం మీద వేసుకున్నాకే తెలిసింది.

2023లో దాన్ని అమ్మేసి 1.0 టర్బో, మాన్యువల్ గేరుది తీసుకున్నాను. మళ్లీ అదే దోర్నాల దారి, అదే ఐదుగురం. మూడో గేరులో, ఏసీ వేసుకుని, మాట్లాడుకుంటూ ఎక్కేశాం. అమ్మ నిద్రపోయింది.

ఇక్కడితో ఆపేస్తే మీకు టర్బో కొనమని చెప్పినట్టే. కానీ మా ఇంట్లో ఆ బండిని రోజూ నడిపేది నేను కాదు, మా ఆవిడ. పిల్లల్ని స్కూల్లో దింపి, బెంజ్ సర్కిల్ మీదుగా ఆఫీసుకి వెళ్తుంది. మూడో వారంలోనే "మీ టర్బో మీరే నడుపుకోండి, నా పాత బండి నాకివ్వండి" అంది. కారణం ఉంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర రెండో గేరులో 1,100కి పడిపోయిన ఇంజనుకి కాలు నొక్కితే ఒక్క క్షణం ఏమీ జరగదు. టర్బో తిరగడానికి కావలసినంత పొగ ఇంకా రాలేదు మరి. జరగలేదు కదా అని ఇంకాస్త నొక్కితే అంతా ఒకేసారి వచ్చి పడుతుంది, ముందున్న ఆటో మీదకి దూకినట్టు ఉంటుంది. మొదటి గేరుకి దించడం అలవాటు చేసుకోవాలి. లేదంటే బండి ఆగిపోతుంది, వెనకవాడు హారన్ కొడతాడు. మైలేజీ కూడా ఊళ్లో పదికి పడింది. మూడు సిలిండర్ల అదురు వేరే, సిగ్నల్ దగ్గర స్టీరింగ్ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది.

కాబట్టి టర్బో మంచిదా కాదా అని అడిగితే మా ఇంట్లోనే రెండు జవాబులున్నాయి.

డీజిల్ సంగతి తొందరగా తేల్చేద్దాం. గుంటూరులో మా బావమరిదికి 1.5 డీజిల్ ఉంది. హైవే మీద అదొక ఏనుగు, లీటరుకి 20 ఇస్తుంది, ఘాట్‌ని ఘాట్ అనుకోదు. కానీ బీఎస్6, అంటే ఇప్పటి కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చే డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఒకటుంటుంది. ఆ మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి, అంటే ఆపకుండా ఇరవై నిమిషాలు హైవే మీద పోవాలి. అతను రోజూ ఐదు కిలోమీటర్ల కొట్టుకి వెళ్లొచ్చేవాడు. ఎనిమిదో నెలలో డాష్‌బోర్డు మీద లైటు వెలిగింది. ఇప్పుడు ప్రతి ఆదివారం పని లేకపోయినా చిలకలూరిపేట దాకా వెళ్లి టీ తాగి వస్తున్నాడు. మీకు నెలకోసారి హైదరాబాదు ప్రయాణం ఉంది కాబట్టి ఇంత కష్టం రాకపోవచ్చు. డబ్బు లెక్కే మీకు కుదరదు. 1.2 పెట్రోలు మీద డీజిల్ లక్షన్నర ఎక్కువ అనుకుందాం. లీటరు పెట్రోలు 108, డీజిల్ 96 వేసుకుని, మైలేజీ 14, 17 చొప్పున చూస్తే కిలోమీటరుకి రెండు రూపాయలు మిగులుతుంది. లక్షన్నర వెనక్కి రావాలంటే 75,000 కిలోమీటర్లు తిరగాలి. మీరు తిరిగేది నెలకి 800 అయితే దాదాపు ఎనిమిదేళ్లు. వద్దు.

ఇప్పుడు మీ జాబితాలో లేని నాలుగోది చెప్తాను: టర్బో లేని 1.5 పెట్రోలు. నాలుగు మీటర్ల లోపు బండ్లలో ఇది అరుదు, దానికి కారణం ఇంజనీర్లు కాదు, పన్ను. పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోలైతే 1,200 సీసీ లోపు, డీజిలైతే 1,500 లోపు ఉంటేనే చిన్న కారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కారుకి జీఎస్టీ 18 శాతం, గీత దాటితే 40. అందుకే అందరూ 1.2 దగ్గరో 1.0 టర్బో దగ్గరో ఆగిపోతారు. మన ఇంటి అవసరం చూసి కాదు, ఆ గీత చూసి. మారుతి బ్రెజా ఆ గీత దాటి 1.5 పెట్టుకుంది, 103 పీఎస్, టార్క్ 137. ఇందాకటి లెక్కే దయతలచి వేస్తే 2,000 దగ్గర 39 పీఎస్ దాకా. టర్బో అంత లేదు, 1.2 కంటే నయం. ముఖ్యంగా కాలు పెట్టగానే ఉన్నంతా ఇస్తుంది, ఆలోచించి ఇవ్వదు. నాలుగు సిలిండర్లు, అదురు తక్కువ. ఘాట్‌లో రెండో గేరు తప్పదు, కానీ కేకలు పెట్టే స్థితి రాదు. పన్ను ఎక్కువైనా కింది, మధ్య వేరియంట్లు మీ 12 లక్షల చుట్టుపక్కలే ఉంటాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, బండి ధర పెరిగితే మన రెండు రాష్ట్రాల్లోనూ లైఫ్ టాక్స్ శ్లాబు మారుతుంది. ఎక్స్ షోరూం కాదు, ఆన్ రోడ్ ధరలు పక్కపక్కన పెట్టి చూడండి.

మీ నాన్నగారి మాటకి వస్తే, ఇన్నేళ్లూ పాతకాలం మారుతినో అంబాసిడరో నడిపినవారైతే కాలికి తగ్గట్టు వెంటనే, సాఫీగా జవాబిచ్చే ఇంజనుకి అలవాటుపడి ఉంటారు. చిన్న టర్బో ఆయన్ని మొదటి నెలంతా విసిగిస్తుంది. మీ ఇంటికి నేనైతే ముందు 1.5 పెట్రోలు చూస్తాను. అది నచ్చకపోతే 1.0 టర్బో, మాన్యువల్. ఆటోమేటిక్ కావాలంటే డీసీటీ అని వచ్చే డ్యూయల్ క్లచ్ గేరుబాక్సుని పూర్తిగా నిండిన బండితో ఘాట్‌లో ట్రాఫిక్ జామ్‌లో ఊహించుకుని తీసుకోండి. అంగుళం అంగుళం పాకుతూ ఎక్కితే క్లచ్ వేడెక్కుతుంది. మా పిన్ని కొడుకు తిరుమల దారిలో అరగంట పక్కన ఆపుకుని కూర్చున్నాడు. పండగ రద్దీకి వెళ్లేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

1.2 అసలు పనికిరాదా అంటే, మీరు ముగ్గురే అయి, అమ్మానాన్నలు సొంతూళ్లో ఉండి ఉంటే, అదే కొనమని చెప్పేవాణ్ణి. ఖమ్మం నుంచి సూర్యాపేట మీదుగా హైదరాబాదు దాకా నాలుగు లైన్ల రోడ్డే, 90లో వెళ్లడానికి దానికి ఏ కష్టమూ లేదు.

టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లకండి. షోరూం కుర్రాడు "సార్, ఇద్దరే" అంటాడు. నవ్వి ఐదుగురూ ఎక్కేయండి, అతను వెనక ఇరుక్కుంటాడో, షోరూంలోనే ఆగుతాడో అతని ఇష్టం. ఏసీ పూర్తిగా పెట్టి, దగ్గర్లో ఉన్న ఫ్లైఓవరో రైల్వే బ్రిడ్జో వెతకండి. మొదట్లో గంటకు 30 వేగంలో మూడో గేరు వేసి, కిందికి దించకుండా కాలు పూర్తిగా నొక్కండి. పైకి చేరేసరికి వేగం పెరిగిందా, అలాగే ఉందా, తగ్గిందా చూసుకోండి. తర్వాత స్టీరింగ్ మీ నాన్నగారికిచ్చి సందుల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద పది నిమిషాలు నడపమనండి. ఆ పది నిమిషాలు మీరు మాట్లాడకండి. బండి ఎన్నిసార్లు ఆగిపోయిందో లెక్కపెట్టండి చాలు.

చివరికి టర్బోనే తీసుకుంటే రెండు జాగ్రత్తలు. ఆయిల్ మార్పిడి ఒక్క నెల కూడా వాయిదా వెయ్యకండి, బండితో ఇచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడే పోయించండి. ఘాట్ ఎక్కి పైకి చేరాక వెంటనే కీ తిప్పేయకుండా ఒక నిమిషం ఇంజను నడవనివ్వండి. టర్బో బాగా వేడి మీదుంటుంది, ఆయిల్ తిరుగుతూ ఉంటే చల్లబడుతుంది. మా అమ్మకి ఈ సంగతి చెప్పినప్పటి నుంచి, కొండ మీద బండి ఆపగానే "ఉండరా, దాన్ని ఊపిరి పీల్చుకోనీ" అని నాకంటే ముందు తనే అంటోంది.