ప్లౌ ఇంకా రాలేదని కంగారు పడకు చిన్నీ

చిన్నీ,

రాత్రి ఫోన్లో నీ గొంతు విని చాలా కంగారు పడ్డాను. రెండు రోజులైంది, మా వీధిలోకి మంచు నెట్టే బండి, ప్లౌ, రాలేదు పెద్దమ్మా, తలుపు తీస్తే మోకాలి పైదాకా మంచే, ఆయనేమో రేపు ఎలాగైనా ఆఫీసుకి వెళ్తానంటున్నారు, పాలు అయిపోవచ్చాయి, అమ్మ భయపడుతోంది అని అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశావు. ఫోన్లో అన్నీ గుర్తుకు రావు కాబట్టి పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నాను. నువ్వు చదివి అల్లుడుగారి చేత కూడా చదివించు.

మేము హెర్న్‌డన్ వచ్చి 27 ఏళ్లు. ఈ నార్తర్న్ వర్జీనియాలో పెద్ద మంచు ఏటా పడదు, ఒక్కోసారి చలికాలం మొత్తం నాలుగంగుళాలతో సరిపోతుంది, అందుకే ఇక్కడ పుట్టినవాళ్లకి కూడా సరిగ్గా అలవాటుండదు. పడితే మాత్రం 2010 ఫిబ్రవరిలో పడ్డట్టు పడుతుంది. డల్లెస్ ఎయిర్‌పోర్టులో 32 అంగుళాల పైన, అది తీసీ తియ్యకముందే ఆ వారంలోనే ఇంకో తుఫాను. మళ్లీ 2016 జనవరిలో 29 అంగుళాలు. అప్పుడు శని, ఆదివారాలు రెండు రోజులూ మెట్రో రైళ్లు మొత్తం ఆపేశారు. ఆ రెండుసార్లూ నేను చూసింది ఒకటే. స్నో పడుతున్నంతసేపూ అందరం బుద్ధిగా ఇంట్లోనే ఉంటాం. దెబ్బలు తగిలేదీ, గుండె పట్టేసేదీ, కార్లు కాలవల్లోకి పోయేదీ రెండో రోజో మూడో రోజో, బాగా ఎండ కాసి, ఆకాశం నీలంగా కనబడి, ఇంక మన ఓపిక అయిపోయినప్పుడు. మీరు ఇప్పుడు సరిగ్గా ఆ రోజుల్లో ఉన్నారు, నా భయమంతా అదే.

డ్రైవ్‌వే సంగతి తర్వాత, ముందు ఇంటి పక్కకి వెళ్లి గొట్టాలు చూడండి. ఇల్లు వెచ్చబెట్టే మీ ఫర్నేస్ కొత్తరకం, దాని పొగ పైన చిమ్నీలోంచి పోదు. పక్క గోడలోంచి రెండు తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు బయటికి వచ్చి ఉంటాయి, నేలకి అడుగో అడుగున్నరో ఎత్తులో. ఒకటి గాలి లాక్కుంటుంది, ఇంకోటి పొగ వదుల్తుంది. గాలి ఎటు వీచిందో అటు మంచు గోడకి ఆనుకుని పేరుకుంటుంది కదా, ఆ వైపే గొట్టాలుంటే అవి పూడిపోతాయి. పూడితే ఫర్నేస్ ఆగిపోయి ఇల్లు చల్లబడుతుంది, లేదంటే విషవాయువు ఇంట్లోకే వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, రంగుండదు, తలనొప్పి, నిద్రమత్తు అనుకుంటూనే మనిషి పోతాడు. ఆ వాయువుని పసిగట్టే అలారం బ్యాటరీలు ఇవాళే చూసుకో. గొట్టం చుట్టూ స్నో చేత్తో తియ్యండి, షవల్‌తో, అంటే మంచు తీసే పారతో, కొడితే ప్లాస్టిక్ విరుగుతుంది. గ్యాస్ మీటరు దగ్గర కూడా అలాగే, చేత్తోనే.

కారుకీ ఇదే ప్రమాదం. 2016 తుఫానులో న్యూజెర్సీలో పసాయిక్ అనే ఊళ్లో ఒకాయన కారు చుట్టూ మంచు తీస్తున్నాడు, భార్యనీ పిల్లల్నీ చలికి ఆగలేరని ఇంజన్ ఆన్ చేసి కారులో కూర్చోబెట్టాడు. వెనక సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోయి ఉంది. తల్లీ, ఏడాది బాబూ కారులోనే పోయారు. ఆయన పక్కనే ఉన్నాడు చిన్నీ, రెండడుగుల దూరంలో. పిల్లని వెచ్చగా కూర్చోబెడదాం అని ఎప్పుడైనా అనిపిస్తే ఇది గుర్తు తెచ్చుకో. ముందు కారు వెనక గొట్టం పూర్తిగా బయటపడాలి, ఆ తర్వాతే తాళం తిప్పాలి. గరాజ్ తలుపు తీసున్నా సరే, లోపల కారు ఆన్ చేసి ఉంచకండి.

ఇక ప్లౌ ఎందుకు రావట్లేదు అంటే. మన ఊళ్లో మున్సిపాలిటీకి చెప్పినట్టు ఇక్కడ అందరూ కౌంటీకి ఫోన్ చేస్తారు, కానీ లౌడన్, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీల్లో మామూలు కాలనీ వీధులు కూడా రాష్ట్ర రవాణా శాఖవే, అంటే వీడాట్ చూసుకోవాలి. మీ ఆడపడుచు వాళ్ల వీధి నిన్ననే తీశారు, మాది తియ్యలేదు అన్నావు. వాళ్లది టౌన్‌హౌస్, ఆ రోడ్డు ప్రైవేటుది, వాళ్ల హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, మాట్లాడుకున్న కాంట్రాక్టరు వచ్చి తీశాడు. మీది వీడాట్ రోడ్డు. వీడాట్ ముందు ఇంటర్‌స్టేట్లు, 7, 28, 50 లాంటి పెద్ద రోడ్లు, ఆసుపత్రులకీ ఫైర్ స్టేషన్లకీ పోయే దార్లు తీస్తుంది, అవి ఒక కొలిక్కి వచ్చాకే కాలనీల్లోకి వస్తుంది. వచ్చినా వాళ్లు చేసేది ఒక బండి జాగ్రత్తగా పోయేంత బాట, అంతేగానీ తారు కనబడేదాకా గీకరు. పైగా మీది కల్‌డిసాక్, చివర దారి లేని వీధి. మామూలు వీధిలో అయితే మంచుని పక్కకి నెట్టుకుంటూ పోతారు, గుండ్రంగా మూసుకుపోయిన చోట నెట్టడానికి జాగా ఎక్కడ? రెండడుగుల స్నోని పికప్‌కి బిగించిన ప్లేటు కదపలేదు, లోడర్ వచ్చి ఎత్తి పొయ్యాలి, ఆ లోడర్లు అందరికీ కావాలి. వీడాట్ వెబ్‌సైట్‌లో ప్లౌలు తిరిగే మ్యాప్ ఉంటుంది, అది చూసుకో. అందులో మీ వీధి అయిపోయిందని చూపిస్తూ ఇక్కడ మంచు అలాగే ఉంటే అప్పుడు తప్పకుండా ఫోన్ చెయ్యి, ఊరికే గంట గంటకీ చెయ్యడం వల్ల నీ టెన్షన్ పెరగడం తప్ప ఏమీ ఉండదు. వచ్చిన డ్రైవరు మీద మాత్రం ఎవర్నీ అరవనివ్వకు. వాళ్లవి పన్నెండు గంటల షిఫ్టులు, వాళ్ల ఇంటి ముందు కూడా అదే మంచు ఉంటుంది.

నీ చేతుల్లో ఉన్నది ఒకటుంది. వీధిలో నిలిపిన కార్లు ప్లౌకి పెద్ద అడ్డం. డ్రైవ్‌వేలో పెట్టుకోవాలి, కుదరకపోతే అందరూ బేసి నంబరు ఇళ్ల వైపే పెట్టుకోవాలని వీడాట్ వాళ్లే అడుగుతారు. మీ వీధి వాట్సాప్ గ్రూప్ ఉందిగా, అందులో పెట్టు.

డ్రైవ్‌వే తీసేటప్పుడు ఒక కిటుకు చెప్తాను, ఇది మాకు మా పక్కింటి ముసలాయన నేర్పాడు, మంచు బాగా పడే బఫెలో ఊరి నుంచి వచ్చినవాడు. ప్లౌ వెళ్తూ వెళ్తూ మనం తీసిన డ్రైవ్‌వే నోటికి అడ్డంగా ఒక గట్టు పోసి పోతుంది, పొలం గట్టులాగా, అదీ గట్టిపడిన ముద్దలతో. రెండు గంటలు కష్టపడి తీశాక అది చూస్తే ఏడుపొస్తుంది. అలా కాకుండా, ఇంటి దగ్గర నిలబడి వీధి వైపు చూడు. మీ వైపు లేన్‌లో ప్లౌ నీ ఎడమ నుంచి కుడికి వస్తుంది. కాబట్టి తీసిన మంచంతా కుడి వైపు పొయ్యండి, ఎడమ వైపు డ్రైవ్‌వే పక్కన వీధి అంచున ఒక కారు పట్టేంత జాగా ఖాళీ చెయ్యండి. ప్లౌ మోసుకొచ్చే మంచు చాలా వరకు ఆ ఖాళీలో పడిపోతుంది, మీ నోటి దగ్గరికి వచ్చేసరికి కొంచెమే మిగులుతుంది. ఇంకా మంచిదేంటంటే, డ్రైవ్‌వేలో వీధి వైపు చివరి మూడు నాలుగడుగులూ ప్లౌ వచ్చి పోయాకే తియ్యండి. వీధి నీళ్లు పోయే కాలవ నోరు, ఫైర్ హైడ్రెంటు మీ ఇంటి ముందు ఉంటే వాటి చుట్టూ కూడా తియ్యండి. కాలవ నోరు మూసుకుంటే పగలు కరిగిన నీళ్లు నిలిచి రాత్రికి గడ్డకట్టి తెల్లారేసరికి అద్దంలా తయారవుతాయి.

ఇప్పుడు అసలు విషయం. అల్లుడుగారు ఒక్కరే మొత్తం తియ్యకూడదు. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు డ్రైవ్‌వేలో రెండడుగుల పొడి స్నో పడితే నేను లెక్కేసి చూశాను, మూడు టన్నుల పైన. 25 కేజీల బియ్యం బస్తాలు 130కి పైనే. తడి స్నో అయితే ఇంకా ఎక్కువ. 130 బస్తాలు ఒక్క పూటలో ఎత్తి పక్కకి వెయ్యమంటే మనం ఎవరినైనా అడుగుతామా?

2016లో మీ పెదనాన్నకి 54 ఏళ్లు. షుగరు లేదు, రోజూ నడిచేవారు. తుఫాను ఆగిన మర్నాడు పొద్దున టిఫిన్ తిని దిగారు, కాసేపు ఆగండి అంటే అయిపోవచ్చింది అంటూ రెండు గంటలు ఆగకుండా ఎత్తిపోశారు. నేను టీ తీసుకుని వెళ్లేసరికి గరాజ్ మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఒక చేతికి గ్లవ్ ఉంది, ఇంకోటి కింద పడి ఉంది. కనుబొమల మీద మంచు పలుకులు కరుగుతున్నాయి, వాటి కింద నుదురంతా చెమట. ఆ చలిలో చెమట. ఏంటండీ అంటే ఏం లేదు, ఎడమ చెయ్యి లాగుతోంది, చలికి అన్నారు. నేను 911కి ఫోన్ చేశాను. అంబులెన్స్ మా వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయింది, మా వీధి కూడా అప్పటికి తియ్యలేదు. ఇద్దరు మనుషులు పెట్టెలు పట్టుకుని తొడల్లోతు మంచులో నడిచి వచ్చారు. ఇరుగుపొరుగు ఆరేడుగురు షవల్స్ పట్టుకొచ్చి స్ట్రెచర్ పట్టేంత దారి తవ్వారు, వాళ్లలో నలుగురి పేర్లు కూడా నాకు ఆ రోజుకి తెలియదు. స్టెంట్ వేశారు, బతికారు. ఆ తవ్వకానికి ఎంతసేపు పట్టిందో నేను గడియారం చూడలేదు, చూసే ధైర్యం లేకపోయింది.

అందుకే చెప్తున్నాను. పావుగంట తియ్యాలి, లోపలికి రావాలి, వేడిగా ఏదైనా తాగాలి, మళ్లీ వెళ్లాలి. ఎత్తడం కాదు, నెట్టాలి. ఎత్తాల్సి వస్తే సగం షవలే నింపాలి, మోకాళ్లు వంచాలి, వెనక్కి తిరిగి భుజం మీంచి విసరకూడదు. కడుపు నిండా తిని వెంటనే దిగకూడదు. ఛాతీ బరువుగా ఉన్నా, చెయ్యి లాగినా, ఆయాసం వచ్చినా, చలికి అని ఎవరన్నా నమ్మకు, ఫోన్ చెయ్యి. వీధిలో హైస్కూలు పిల్లలు డబ్బులకి తీస్తామని వస్తారు, బేరం ఆడకుండా ఇచ్చెయ్యండి.

ఇక రేపు ఆఫీసుకి వెళ్లడం. మా కారుకి ఆల్ వీల్ డ్రైవ్ ఉంది అంటారు అల్లుడుగారు. అది బండి కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి కాదు. ఐసు మీద బ్రేకు వేస్తే నాలుగు చక్రాలూ కలిసే జారతాయి. 2022 జనవరి 3న ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఐ-95 హైవే మీద ఏం జరిగిందో అడుగు. ముందు వాన పడటంతో రోడ్డుకి ముందుగా ఉప్పు నీళ్లు చల్లలేకపోయారు, తర్వాత గంటకి రెండంగుళాల చొప్పున మంచు, లారీలు అడ్డం తిరిగాయి, వందల కార్లు రాత్రంతా ఆగిపోయాయి. వర్జీనియా సెనేటర్ టిమ్ కెయిన్ కూడా అందులో చిక్కుకుని, రెండు గంటల ప్రయాణానికి 27 గంటలు కూర్చున్నాడు, పక్క కారు వాళ్లు ఇచ్చిన కమలాపండు తిని. ఇంటి నుంచి పని చేస్తానని మేనేజరుకి మెయిల్ పెట్టమను. వీసా గురించి భయమని చెప్పావు, అర్థమైంది, కానీ ఈ పరిస్థితుల్లో రాలేనని రాసి పంపడం తప్పు కాదు, ఇక్కడ అందరూ చేస్తారు.

తప్పని పని పడితే రోడ్ల పరిస్థితి చెప్పే 511 సర్వీసులో చూసుకుని, పగటిపూట, ట్యాంకు సగానికి పైన ఉంటేనే. దుప్పటి, నీళ్లు, ఫోన్ చార్జరు, చిన్న షవల్, పిల్లి లిట్టరు (పిల్లుల తొట్టిలో వేసే ఇసుక లాంటిది) సంచి డిక్కీలో పెట్టుకోవాలి. టైరు తిరుగుతూ కూరుకుపోతుంటే యాక్సిలరేటర్ తొక్కకండి, ముందూ వెనకా మంచు తీసి ఆ లిట్టరు చల్లండి. దారిలో ఇరుక్కుంటే కారు వదిలి నడవకూడదు, గంటకి పది నిమిషాలే ఇంజన్ ఆన్, అదీ వెనక గొట్టం చూశాకే. కారు కప్పు మీద మంచు తియ్యకుండా బయల్దేరితే మొదటి బ్రేకుకే మొత్తం ముందు అద్దం మీదికి జారుతుంది. అద్దం మీద వేడినీళ్లు పొయ్యకండి, పగులుతుంది.

మీ అమ్మ సంగతి నాకొదిలెయ్, మధ్యాహ్నం నేను మాట్లాడతాను. హవాయి చెప్పులతో మాత్రం ఆమెని ముందు మెట్ల మీదికి రానివ్వకు, తులసి మొక్కకి నీళ్లని ఒక్క అడుగు పెట్టినా చాలు, ఈ వయసులో తుంటి విరిగితే లేవలేదు. మెట్ల మీద మామూలు ఉప్పు చల్లొచ్చు కానీ బాగా చలి ముదిరితే, అంటే 15 ఫారన్‌హీట్ కిందికి పోతే అది సరిగ్గా పని చెయ్యదు, కాల్షియం క్లోరైడ్ అని అమ్ముతారు, అది వాడు. బీపీ మాత్రలు ఎన్ని రోజులకున్నాయో లెక్కపెట్టి నాకు చెప్పు. పాలు లేకపోతే పాపకి నేను చెప్పిన రాగిజావ కాచు. ఇంట్లో బియ్యం, కందిపప్పు, ఆవకాయ ఉన్నాయి, నాలుగు రోజులు ఎవరికీ ఏ లోటూ ఉండదు. ఫోన్లో ఆర్డరు పెట్టి ఏ పిల్లాడినో ఈ రోడ్ల మీద తిప్పకు. కరెంటు పోతే బయటి గ్రిల్లు గానీ కుంపటి గానీ లోపలికి తేవద్దు, ఎందుకో పైన చెప్పాను. అందరూ ఒకే గదిలో పడుకోండి, తలుపు కింద తువ్వాలు పెట్టు.

ఇది చదవడం అయిపోగానే బూట్లు వేసుకుని ఆ పక్క గోడ దగ్గరికి వెళ్లు. గొట్టాలు రెండూ బయటికి కనబడుతున్నాయా లేదా ఫోటో తీసి పంపు. నేను ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను.

పెద్దమ్మ