కాలుష్యం ఇస్తే చార్టే వస్తుంది

ప్రశ్న: చంద్రగిరి పక్క ఓ పల్లెలో హైస్కూల్లో సోషల్ చెప్తాను. సివిక్స్‌ని ప్రాబ్లం బేస్డ్ లెర్నింగ్‌లాగా (ముందు ఓ సమస్య ఇచ్చి, దాన్ని తేల్చుకుంటా పాఠం నేర్చుకునే పద్ధతి) చేద్దామని తొమ్మిదో తరగతికి 'కాలుష్యం' ఇస్తే, వారం తర్వాత అందరూ నెట్‌లో బొమ్మలు దించుకోని చార్టులు తెచ్చినారు, అన్నీ ఒకేలా. ఎక్కడ తప్పు చేసినాను? - ఓ టీచర్

జవాబు: మీరు టాపిక్ ఇచ్చారు మేడం, సమస్య ఇవ్వలేదు, అంతే. ఈ పద్ధతి 1969 నాటికి కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ మెడికల్ కాలేజీలో మొదలైంది, అక్కడ పాఠం చెప్పి పేషెంటు దగ్గరికి పంపడం కాదు, ముందు పేషెంటు కేసు చేతికిచ్చి దీనికి మనం ఏమేం తెలుసుకోవాలో మీరే తేల్చండి అన్నారు. మీ పేషెంటు స్కూలు గేటు ముందే ఉంటాడు. వానొస్తే మురుగు నిలబడే రోడ్డుందనుకోండి (మన పక్క లేని స్కూలేదీ!), "ఈ నీళ్లు పోవాలంటే ఎవర్ని అడగాల?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి. ఆ ఊరుకోవడమే కష్టం, టీచర్లం కదా, జవాబు చెప్పేదాకా నాలుక ఆగదు.

ఒకడు సర్పంచ్ అంటాడు, ఒకమ్మాయి ఎమ్మెల్యే అంటుంది, ఇంకోడు ఏకంగా సీఎం అంటాడు, అన్నీ బోర్డు మీద రాయనీండి. ఆ రోడ్డు పంచాయతీదా, ఆర్ అండ్ బీదా, హైవే వాళ్లదా అన్నది పిల్లలే గ్రామ సచివాలయానికి పోయి కనుక్కోవాల. కాలవ ఒకరిది, రోడ్డు ఇంకొకరిది అని తేలి, తల గోక్కుంటా వస్తారు చూడండి, పుస్తకం అప్పుడు తెరవండి. పంచాయతీల గురించి రాజ్యాంగానికి చేసిన 73వ సవరణ, దాంతో వచ్చిన పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు ఇవ్వదగ్గ 29 అంశాలు, పారిశుద్ధ్యం, రోడ్లు, కల్వర్టులు అన్నీ ఉన్నాయే, మరెందుకు జరగలేదు అని వాళ్లే అడుగుతారు. షెడ్యూల్లో ఉన్నంత మాత్రాన పంచాయతీ చేతికొచ్చేసినట్టు కాదు, రాష్ట్రం చట్టం చేసి ఇవ్వాల అన్న సంగతి అక్కడ చెప్తే ఎక్కుతుంది, ఉత్తి పాఠంలో చెప్తే నిద్రపోతారు.

జవాబు రాకపోతే మీ పేరుతోనో ఓ పేరెంట్ పేరుతోనో సమాచార హక్కు కింద అర్జీ పెట్టించండి, గ్రామ స్థాయిలో ఫీజు కూడా లేదు, 30 రోజుల్లో జవాబివ్వాల. మార్కులు మాత్రం చార్టుకి వేయొద్దు, ఎవర్ని కలిశారు, ఏమడిగారు, వాళ్లేమన్నారు అని నోట్‌బుక్కులో రాసుకున్నదానికి వేయండి, కాలవ బాగవ్వకపోయినా సరే. టెన్త్ వాళ్లతో పెట్టుకోకండి, పబ్లిక్ పరీక్షల టెన్షన్లో సగంలో వదిలేస్తారు.

పోయేముందు హెచ్‌ఎం గారి చెవిన వేసి పోండి, పిల్లలు ఆఫీసులో గట్టిగా అడిగితే ముందు ఫోన్ వచ్చేది ఆయనకే.